సింహగిరి శిలలు చెప్పు పాఠము

సింహాచల క్షేత్రమున శ్రీ వరాహలక్ష్మీ నృసింహస్వామి ఏడాది పొడవునా చందనపు పూతలో మరుగై యుండును. వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే అర్చకస్వాములు ఆ చందనమును ఒలిచి, భక్తులకు నిజరూప దర్శనము కలిగింతురు. ఆ ఒక్క దినమున కొండయంతయు జనసంద్రమగును. అయితే స్వామి మరుగున నున్న మిగిలిన దినములందును ఏ మరుగు లేక మనకు కనిపించునవి ఆలయ శిలలు. దర్శనపు తొందరలో మనము వానిని చూడకయే సాగిపోవుచున్నాము.

ప్రహ్లాదుడు స్వామిని ప్రతిష్ఠించెననియు, కాలాంతరమున మట్టిలో మరుగైన మూర్తిని పురూరవ చక్రవర్తి కనుగొనెననియు స్థలపురాణము చెప్పుచున్నది. చరిత్ర కందినంతలో సాక్ష్యము పలుకునవి శాసనములు.

తొలి పలుకు

ఇచటి శాసనములలో మిగుల ప్రాచీనమైనది క్రీ.శ. 1098-99 నాటిది. అది కులోత్తుంగ చోళుని కాలమున చెక్కబడినది. అందు రాజుగారి దండయాత్ర గాని, బిరుదావళి గాని ముఖ్యము కాదు. ఒక సామాన్య భక్తుడు స్వామికి తోటను సమర్పించిన సంగతి అందు కలదు. సింహగిరిపై మనకు లభించిన తొలి పలుకు ఒక గృహస్థుని కైంకర్యమగుట ఎంత భాగ్యము!

రాజుల సేవ

తరువాత 13వ శతాబ్దిలో తూర్పు గాంగ ప్రభువు నరసింహదేవుని సంకల్పమున ఆలయము నేటి వైభవమును పొందినది. సేనాని అక్కాయి నిర్మాణమును నెరవేర్చిన వైనము 1268 ప్రాంతపు శాసనమున కలదు. కోణార్క సూర్యాలయమును కట్టించిన ప్రభువు కూడ ఈ నరసింహదేవుడే. రెండింటి శిల్పమునకు గల పోలిక గోడలపై స్పష్టము. కాని కోణార్కమున పూజ ఏనాడో నిలిచిపోయినది. సింహగిరిపై నిత్యారాధన నేటికిని సాగుచున్నది. శిలను కట్టినవాడు రాజైనను, దానికి ప్రాణము పోయునది నిత్యారాధనయే.

కళింగ దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు 1516లోను, మరల 1519లోను ఇచటికి వచ్చి స్వామిని సేవించెను. 991 ముత్యముల హారము మొదలైన ఆభరణములను సమర్పించెను. గజపతితో యుద్ధము చేయుచున్నవాడే గజపతి రాజ్యములోని దేవునికి శిరసు వంచెను. రాజుల వైరము స్వామి వాకిటిని దాటి లోనికి పోలేదు.

మన వంతు

తోట నిచ్చిన గృహస్థుడు, ఆలయమును కట్టిన సేనాని, ముత్యము లిచ్చిన చక్రవర్తి, మువ్వురును ఒకే స్వామి సన్నిధిలో శిలాక్షరములై నిలిచిరి. వారిలో హెచ్చుతగ్గులను స్వామి ఎంచలేదు, మనమును ఎంచనక్కరలేదు.

అయితే శిల కూడ అరుగును. భక్తితోనే మనము శిల్పములకు పసుపు కుంకుమలు పూయుదుము, గోడలపై కర్పూరము వెలిగింతుము, నూనె చేతులను స్తంభములకు తుడుతుము. ఆ పూతలు పేరుకొని అక్షరములను కప్పును. తొమ్మిది శతాబ్దములు నిలిచిన దానము మన చేతి మరకలో మాసిపోవుట న్యాయమా?

కాన, ఈసారి సింహగిరికి వెళ్ళినపుడు ప్రదక్షిణము మెల్లగా చేయుడు. గోడలపైని నృసింహ, వరాహ మూర్తులను పిల్లలకు చూపుడు. ఉత్తరమున నున్న 96 స్తంభముల మండపమున క్షణకాలము నిలువుడు. చెక్కిన అక్షరము కనబడినచో చేయి తగిలింపక నమస్కరింపుడు. తోట నీయ శక్తి లేనివారికి, తోట నిచ్చినవాని మాటను కాపాడుటయు కైంకర్యమే.