పదహారు గళ్ల మీద దరువు

మనవడికి,

ఫింగర్ డ్రమ్మింగ్ యాప్‌లో నీకు వచ్చిన నక్షత్రాల స్క్రీన్‌షాట్లు చూశాను. సంతోషం. కానీ నక్షత్రాలు నాకు వినపడవు బిడ్డా, ఈసారి ఆడియో పంపు.

"సరిగ్గానే కొడుతున్నా, యాప్ ఆలస్యం అంటోంది" అన్నావు. ముందు ఆ బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తీసెయ్. వాటిలో చప్పుడు చెవికి చేరేసరికే ఆలస్యమవుతుంది. వైరున్నవి వాడు. చెవులు పూర్తిగా మూసేవైతే ఇంకా మేలు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక మన మంఖాల్‌లో నిశ్శబ్దం కోసం కాచుకుంటే సాధన సాగదు.

ఇక అసలు సంగతి. తెర మీద గళ్లు మెరుస్తుంటే వేళ్లు వాటి వెంట పరుగెడతాయి, చెవి ఖాళీగా కూర్చుంటుంది. మృదంగం గురువులు నోటితో సొల్లు చెప్పించేది ఇందుకే. మెట్రోనోమ్ 60 మీద పెట్టి ఫోన్ బోర్లా వెయ్యి. ఒక్కో దెబ్బలో ‘తకధిమి’ అను, నాలుగు అక్షరాలు. తర్వాత ‘తకిట’, మూడు. ‘తకతకిట’, ఐదు. ‘తకిటతకధిమి’, ఏడు. దెబ్బ వేగం మారకూడదు, లోపలి అక్షరాలే మారాలి. ఐదు దగ్గర తడబడతావు, ఫరవాలేదు, అక్కడే ఎక్కువసేపు ఉండు.

నోరు కుదిరాక రెండు చూపుడు వేళ్లకు అక్షరాలు పంచు, కుడి, ఎడమ, కుడి, ఎడమ. నాలుగులో మొదటి అక్షరం ఎప్పుడూ కుడివేలికే వస్తుంది. మూడు, ఐదు, ఏడులో ఒకసారి కుడికి, మరుసారి ఎడమకు పడుతుంది. నీ ఎడమ వేలి నీరసం అక్కడ బయటపడుతుంది. యాప్ పాఠాలు ఎక్కువగా నాలుగులోనే నడుస్తాయి కాబట్టి నీకిది ఇన్నాళ్లూ తెలియలేదు.

ఎంత గట్టిగా కొట్టావో ఫోన్ తెరకు సరిగా అందదు, రబ్బరు ప్యాడ్‌కు అందుతుంది. 1988లో రోజర్ లిన్ రూపొందించిన ఎంపీసీ60 అనే డ్రమ్ యంత్రంలో అలాంటివి పదహారున్నాయి, నాలుగు వరుసల్లో నాలుగేసి. ఇప్పటి చిన్న ప్యాడ్లకు అదే మూలం. అలాంటిదొకటి నీకు కొనిమ్మని మీ నాన్నతో నేను మాట్లాడతాను.

పహాడీ షరీఫ్ దాటి పట్నం వైపు వెళ్తే బార్కస్ వస్తుంది కదా, అటు పెళ్లిళ్లలో మర్ఫా మోగుతుంది. నిజాం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌లో పనిచేసిన సిద్దీలూ, బార్కస్ అరబ్బులూ నిలబెట్టిన వాద్యమది. అందులో కొన్ని దెబ్బలు గడియారానికి కాస్త ఇటో అటో జరుగుతాయి, జనం కాళ్లు కదిలేది అక్కడే. యాప్ మాత్రం వాటికి మార్కులు కోస్తుంది. అలాగని నువ్వు ఇప్పుడే గీత దాటకు. గీత మీద కొట్టడం రానివాడు దాటితే దాన్ని సొగసని ఎవరూ అనరు.

ఈసారి బరాత్‌లో తీన్‌మార్ మోగితే ఎగరడం కాసేపు ఆపి, వాయించేవాళ్ల చేతులు చూడు. ఇంటికొచ్చి కిక్ ఒకటి, స్నేర్ ఒకటి, ఆ రెంటితోనే దరువు పట్టి ఆదివారంలోగా నాకు పంపు. హై-హ్యాట్ వద్దు.

మీ తాత