శోషరస మర్దన

దేహంలో రక్తప్రసరణను గురించి వినని విద్యార్థి ఉండడు. దాని పక్కనే నిశ్శబ్దంగా సాగే మరొక ప్రవాహాన్ని ఎరిగినవారు అరుదు. రక్తకేశనాళికల నుంచి ఊరిన ద్రవం కణాలకు పోషణ నిస్తుంది. కణాల నడుమ మిగిలిన ఆ ద్రవాన్ని సన్నని నాళాలు గ్రహించి, మెడ దిగువనున్న పెద్ద సిరలలోనికి చేరుస్తాయి. అదే శోషరసం. రోజుకు కొన్ని లీటర్ల శోషరసం ఇలా రక్తంలో కలుస్తుంది. దారిలో గజ్జలలో, చంకలలో, మెడలో ఉన్న గ్రంథులు దానిని వడగట్టి రోగక్రిములను నిలువరిస్తాయి. కాలికి పుండైతే గజ్జలో బిళ్ళ కట్టడం పల్లెలలో అందరికీ తెలిసినదే. ఆ బిళ్ళయే శోషరస గ్రంథి.

1622లో ఇటలీ వైద్యుడు గాస్పరే అసెల్లి ఒక కుక్క ఉదరంలో ఈ నాళాలను గమనించాడు. 1653లో డెన్మార్కు పండితుడు థామస్ బార్తోలిన్ వాటికి నేటి శాస్త్రనామాన్ని ఇచ్చాడు.

రక్తానికి గుండె ఉన్నది. శోషరసానికి అటువంటి యంత్రం లేదు. నాళాల గోడలు తామే మెల్లగా ముడుచుకుంటాయి. నడకలో పిక్క కండరాలు, దీర్ఘశ్వాసలో ఉదరవితానం ఆ రసాన్ని పైకి నెట్టుతాయి. లోపలి కవాటాలు దానిని వెనుకకు జారనీయవు. ఈ దారి చెడితే ద్రవం అవయవంలోనే నిలిచిపోతుంది.

మన ప్రాంతంలో ఈ దుస్థితికి ప్రసిద్ధమైన రూపం బోదకాలు. ప్రాచీన వైద్యులు దీనిని శ్లీపదమన్నారు. శిలవలె గట్టిపడిన పాదమని వ్యాఖ్యాతల వివరణ. పాతనీరు నిలిచే చల్లని ప్రదేశాలలో ఇది విశేషంగా పుడుతుందని సుశ్రుతసంహిత చెప్పుతున్నది. సూక్ష్మదర్శిని లేని కాలంలో అంతటి పరిశీలన అబ్బురం కలిగిస్తుంది. ఫైలేరియా క్రిమి దోమ దేహంలో పెరుగుతుందని పాట్రిక్ మాన్సన్ 1877లో చైనాలో కనుగొన్నాడు. అయితే కాకతీయుల చెరువులను నిందించరాదు. ఈ వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమకు ప్రియమైనది మురుగుకాలువ.

కాజీపేట దాటి హైదరాబాదు బాటలో, మెట్టుగుట్ట చెంతనున్న మడికొండ పేరులోనే మడి ఉన్నది. అటువంటి ఊళ్ళలో నాట్లు వేసే కూలీకి కాలే జీవనాధారం. కాలు స్తంభంవలె బరువెక్కితే బురదలో దిగడం దుస్సాధ్యం. వేళ్ళ సందుల్లో పాచినచోట క్రిములు చొరబడి చలిజ్వరం వస్తుంది. జ్వరం వచ్చిన ప్రతిసారీ నాళాలు మరికొంత దెబ్బతింటాయి, వాపు మరికొంత స్థిరపడుతుంది. ప్రభుత్వం 2004 నుంచి దేశమంతటా చేపట్టిన సామూహిక ఔషధ పంపిణీ వ్యాధివ్యాప్తిని అరికట్టడానికి ఉద్దేశించినది. పెరిగిపోయిన కాలిని ఆ మాత్రలు తగ్గించలేవు.

అక్కడ మర్దన ప్రసక్తి వస్తుంది. డెన్మార్కుకు చెందిన ఎమిల్ వోడర్, ఆయన భార్య ఎస్ట్రిడ్ 1932 ప్రాంతంలో ఫ్రాన్సులో దీనిని రూపొందించి, 1936లో పారిస్‌లో ప్రదర్శించారు. ఇది మన అభ్యంగనం వంటిది కాదు. నూనె అక్కరలేదు, బలం అసలే పనికిరాదు. శోషరస నాళాలు చర్మానికి అతిసమీపంలో ఉంటాయి గనుక, చర్మాన్ని మెత్తగా కదలించి విడిచిపెట్టడమే ఇందులోని నేర్పు. మరొక విశేషం: వాచినది పాదమే అయినా, చేయి మొదట పడేది మెడపైన, తరువాత గజ్జపైన. పూడిన కాలువను బాగుచేసే రైతు ముందుగా దిగువ భాగాన్ని తెరవడా? ఇదీ అంతే. గట్టిగా రుద్దితే వాపు దిగుతుందన్న పల్లెటూరి నమ్మకం మంచిది కాదు. దానివల్ల దెబ్బతిన్న చర్మం చిట్లవచ్చు.

ఈ మర్దన ఒక్కటే చాలదన్నది కూడా గుర్తెరగవలసిన సత్యం. అదిమిపట్టే కట్టు, వ్యాయామం, చర్మశుభ్రత దీనికి తోడుండాలి. ప్రధానమైన పని కట్టుదే. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో చంకగ్రంథులను తొలగించినపుడు చేయి వాచిన స్త్రీలకూ ఇదే విధానం ఉపకరిస్తుంది. కేరళలోని కాసరగోడులో 1999లో నెలకొన్న అనువర్తిత చర్మవైద్య సంస్థ ఆయుర్వేదాన్ని, యోగాన్ని, కట్టుతో కూడిన ఆధునిక చికిత్సను జోడించి బోదకాలు రోగులకు సేవలందించింది. జ్వరంతో కాలు ఎర్రబడినపుడు, సిరలలో రక్తం గడ్డకట్టినపుడు, గుండె లేదా మూత్రపిండాలు బలహీనపడి ఒళ్ళు వాచినపుడు మాత్రం ఈ మర్దన చేయరాదు.

నగరాలలోని సౌందర్యశాలలు దీనినే దేహంలోని విషాలను తొలగించి, బరువు తగ్గించే ప్రక్రియగా అమ్ముతున్నాయి. ఆరోగ్యవంతుని విషయంలో ఆ పని కాలేయమూ మూత్రపిండాలూ నడకా చేస్తూనే ఉన్నాయి. మర్దనతో అతనికి కలిగేది విశ్రాంతి, కొవ్వు కరగదు. అవసరం లేనివారికి అందుబాటులో ఉన్న ఈ హస్తస్పర్శ, కాలు వాచిన కూలీకి అందకపోవడం విచారకరం.

తెలంగాణ ప్రభుత్వం 2018లో బోదకాలు బాధితులకు నెలకు 1000 రూపాయల పింఛనును ప్రారంభించి, 2019లో దానిని 2016 రూపాయలకు పెంచింది. పింఛనుతో బియ్యం కొనవచ్చు. కాలిని రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులను తడి లేకుండా తుడిచి, రాత్రివేళ దిండుపై ఎత్తిపెట్టే పని మిగిలే ఉంటుంది. వంగలేని వృద్ధులకు ఆ సేవ చేయవలసినది కోడలో, మనుమరాలో. ఆరోగ్య కార్యకర్తలు రోగికి తొట్టి, మగ్గు, సబ్బు, తువ్వాలు ఇచ్చేనాడు, ఇంట్లో ఎవరు కడుగుతారో అడిగి, వారి చేతనే ఒకసారి కడిగించి చూడవలసి ఉంటుంది.