ఎడారి బండికి స్టీరింగ్ మార్చే ముందు

నవంబర్ మధ్య నుంచి మార్చి మధ్య దాకా జహ్రా చుట్టుపక్కల ఎడారిలో క్యాంపుల కాలం. ఖైమాలు వేయడం, నీళ్లు, కట్టెలు, జనరేటర్ మోయడం, వంట చేయడం అంతా మనవాళ్ల మీదే పడుతుంది. దానికి ముందే సేట్లు బండ్లు తయారు చేయిస్తారు. ల్యాండ్ క్రూజర్ పికప్పు, పాత పాట్రోల్ లాంటివి ఎత్తు లేపించి, పెద్ద టైర్లు వేయించి, చివర్లో "స్టీరింగ్ కూడా గట్టిది వేసేయ్" అంటారు. ఆ మాట వినేది ఇంటి డ్రైవరో, సనాయియాలో గరాజ్‌లో పనిచేసే మన కుర్రాడో. తర్వాత అదే బండిని సాల్మీ రోడ్డు మీద 120 స్పీడులో నడిపేది మనవాడే, వెనక సీట్లో గిన్నెలు పట్టుకుని కూర్చునేది మన అక్కచెల్లెళ్లే. అందుకే ఈ పాఠం మెకానిక్కులకు మాత్రమే కాదు.

ముందు స్టీరింగ్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. మీరు తిప్పే చక్రం ఒక గొట్టం ద్వారా కింద ఉన్న స్టీరింగ్ బాక్సును తిప్పుతుంది. ఆ బాక్సు ఛాసిస్‌కి బోల్టులతో బిగించి ఉంటుంది. బాక్సు కింద ఒక పొట్టి చేయి ఉంటుంది, దాన్ని పిట్మన్ ఆర్మ్ అంటారు. ఆ చేయి ఒక పొడవాటి రాడ్డును, అంటే డ్రాగ్ లింకును తోస్తుంది. డ్రాగ్ లింకు ఒక పక్క చక్రాన్ని తిప్పితే, టై రాడ్డు రెండో చక్రాన్ని దానితోపాటు తిప్పుతుంది. రాడ్ల చివర్లో బాల్ జాయింట్లు మన భుజం కీలు లాగా తిరుగుతుంటాయి. ఇది ముందు యాక్సిల్ ఒకే దూలంలా ఉండే బండ్ల సంగతి. ఇప్పటి హైలక్స్ లాంటి వాటిలో అమరిక వేరు, వాటికి ఈ పాఠంలో కొంతే వర్తిస్తుంది.

పెద్ద టైరు వేస్తే ఏమవుతుంది? టైరు బరువు పెరుగుతుంది, వెడల్పు పెరుగుతుంది. రాయి తగిలినా, ఇసుక గాడిలో పడినా ఆ దెబ్బ మొత్తం టై రాడ్డు మీదికి, అక్కడి నుంచి బాక్సు బోల్టుల మీదికి పోతుంది. బండి ఎత్తు లేపితే ఇంకో రెండు తేడాలు వస్తాయి. డ్రాగ్ లింకు ఏటవాలు అవుతుంది కాబట్టి గుంటలో బండి ఎగిరిన ప్రతిసారీ మీరు తిప్పకుండానే చక్రం పక్కకు లాగుతుంది. రెండోది, చక్రం వాలు తగ్గిపోతుంది. సైకిల్ ముందు ఫోర్కు చూడండి, కొంచెం వాలుగా ఉంటుంది. అందుకే వేగంగా పోయేటప్పుడు హ్యాండిల్ తనంతట తాను నిటారుకి వస్తుంది. ఆ వాలు పోతే బండి రోడ్డు మీద తూలుతుంది, తిప్పిన స్టీరింగ్ వెనక్కి రాదు. దీన్ని సరిచేసే బుష్‌లు, ప్లేట్లు ఉన్నాయి. ఎత్తు లేపిన గరాజ్ వాడే అవి కూడా వేయాలి. లేపడానికి డబ్బులు తీసుకుని, సరిచేయడం వదిలేసే గరాజ్‌లే ఎక్కువ.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. బండి వణుకుతోందంటే చాలామంది వెంటనే స్టీరింగ్ డ్యాంపర్ మారుస్తారు. పని అరగంటే, ఖర్చు తక్కువ, వణుకు కూడా తగ్గినట్టు ఉంటుంది. కానీ డ్యాంపర్ జబ్బు తగ్గించదు, జ్వరం కనబడకుండా చేస్తుంది, అంతే. లోపల జాయింటు అరిగిపోతూనే ఉంటుంది. అలాగే టై రాడ్డు ఒక్కటే లావుది వేస్తే రాడ్డు వంగదు నిజమే, కానీ ఆ దెబ్బ పక్కనున్న జాయింటుకో, బాక్సు దగ్గర ఛాసిస్‌కో పోతుంది. అక్కడ సన్న పగులు వస్తే మట్టి కింద కనబడను కూడా కనబడదు. కాబట్టి వరస ఇదీ: ముందు అరిగినవి మార్చాలి, తర్వాత వాలు, రాడ్ల కోణం సరిచేయాలి, తర్వాత లావు రాడ్డు, అన్నిటికన్నా చివర డ్యాంపర్.

అరుగుదల కనిపెట్టడానికి యంత్రాలు అక్కర్లేదు. బండి నేల మీదే ఉండాలి, చక్రాలకు అడ్డం పెట్టాలి, గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు. ఒకరు లోపల కూర్చుని స్టీరింగును కొద్దికొద్దిగా ఎడమకీ కుడికీ తిప్పాలి. ఇంకొకరు పక్క నుంచి ఒక్కో జాయింటును చూడాలి. రాడ్డు కదిలి చక్రం కదలకపోతే ఆ జాయింటు పోయింది. బాక్సే ఛాసిస్ మీద కదిలితే అక్కడే ఆపేయండి. చూసే మనిషి వేళ్లు మాత్రం లోపల పెట్టకూడదు. స్టీరింగ్ చక్రం అంచు రెండు వేళ్ల మందం కన్నా ఎక్కువ ఊరికే తిరుగుతుంటే ఆ బండిని హైవే ఎక్కించొద్దు.

అంఘరా స్క్రాప్‌లో పాత సామాను చవగ్గా దొరుకుతుంది. తలుపు కొనండి, లైటు కొనండి, ఫర్వాలేదు. టై రాడ్డు, జాయింట్లు, పిట్మన్ ఆర్మ్ మాత్రం పాతవి కొనొద్దు. వంగిన రాడ్డును గ్యాస్‌తో కాల్చి నిటారు చేయడం, విరిగిన చోట వెల్డింగ్ పెట్టడం ఇంకా ప్రమాదం. కాల్చిన ఇనుములో ఎంత బలం మిగిలిందో పైకి చూసి ఎవరూ చెప్పలేరు. "ఏం కాదన్నా, చాలా బండ్లకి చేశా" అంటారు. ఆ బండ్లు తర్వాత ఏమయ్యాయో ఆయనకీ తెలియదు.

బిగించేటప్పుడు జాయింటు నట్టు టార్క్ పానాతో, బండి పుస్తకంలో రాసిన లెక్క ప్రకారమే బిగించాలి. పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకొంచెం బిగించాలి, వెనక్కి వదులు చేయకూడదు. పాత స్ప్లిట్ పిన్ను మళ్లీ వాడకూడదు. స్టీరింగ్ చక్రం విప్పాల్సి వస్తే అందులో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, బ్యాటరీ తీసి పుస్తకం చెప్పినంతసేపు ఆగాకే ముట్టుకోవాలి. పని అయ్యాక రెండు పక్కలా చివరిదాకా తిప్పి బ్రేకు గొట్టం సాగుతోందా, టైరు ఎక్కడైనా రాసుకుంటోందా చూడాలి. తర్వాత అలైన్‌మెంట్ చేయించాలి. మొదటిసారి ఇసుకలో తిప్పి వచ్చాక బోల్టులన్నీ మళ్లీ చూడాలి. ఈ చివరి పని ఎవరూ చేయరు, డ్రైవరే గుర్తు పెట్టుకుని అడగాలి.

కింద దూరే తమ్ముళ్లకు ఒక మాట. జాకీ మీదున్న బండి కిందికి పోవద్దు. ఇసుక నేల మీద జాకీ కింద మందమైన చెక్క పెట్టాలి, లేపాక స్టాండ్లు పెట్టాలి. స్టాండ్లు లేకపోతే ఆ పని లేదు. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో ఆరుబయట పని చేయించడం నిషేధం. షెడ్డు బయట యార్డులో పనికీ ఇది గుర్తుంచుకోండి.

వెనక కూర్చునే అక్కలు కూడా గమనించవచ్చు. రోడ్డు మీద పోతుంటే ముందు భాగం ఒక్కసారిగా గడగడ వణికి, డ్రైవర్ చేతిలో స్టీరింగ్ అటూ ఇటూ కొట్టుకుంటే అది రోడ్డు తప్పు కాదు. డ్రైవర్ గట్టిగా బ్రేకు కొట్టకూడదు, స్టీరింగుతో పెనుగులాడకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసి, నిటారుగా పట్టుకుని, వేగం తగ్గాక పక్కకు ఆపాలి. ఆగాక, తగ్గిపోయింది కదా అని మళ్లీ బయల్దేరొద్దు.

ఇప్పుడు హక్కుల సంగతి. ప్రమాదం జరిగితే పోలీసులు మొదట అడిగేది నడిపిన వాడి లైసెన్సు. 2025 ఏప్రిల్ 22 నుంచి కొత్త ట్రాఫిక్ చట్టం అమల్లోకి వచ్చి శిక్షలు, జరిమానాలు బాగా పెరిగాయి. బండి మార్పులు సేటు చేయించినా స్టీరింగ్ వెనక ఉన్నది మీరే. కాబట్టి లోపం కనబడితే నోటితో చెప్పి ఊరుకోవద్దు. "బాబా, సుక్కాన్ ఖర్బాన్, ఖతర్" అని వాట్సాప్‌లో వాయిస్ పెట్టండి, విరిగిన భాగం ఫొటో పెట్టండి. తేదీ, టైము దానంతట అదే నిలుస్తుంది. నేను చదివింది బి.కాం., కాబట్టి కాగితం మీద నాకు కొంచెం పిచ్చి అనుకోండి: గరాజ్ నుంచి ఫాతూరా తీసుకోండి. అందులో బండి నంబరు, తేదీ, ఏ భాగం కొత్తది వేశారు అన్నది ఉండాలి. "రిపేరు" అని ఒక్క ముక్క రాసిన బిల్లు దేనికీ పనికిరాదు.

ఇంటి పనివారికి 2015 నాటి 68వ నంబరు చట్టం ఉంది. ఆరోగ్యానికి హాని చేసే ప్రమాదకర పని చేయించకూడదని అందులో ఉంది. రోజుకు 12 గంటలు మించకూడదు, వారానికి ఒక సెలవు ఉండాలి. క్యాంపు రోజుల్లోనూ ఇదే లెక్క. 20 నంబరు వీసా మీదున్న డ్రైవర్‌ను సేటు తన స్నేహితుడి గరాజ్‌లో పనికి పెడితే అది చట్టవిరుద్ధం. పట్టుబడితే మొదట ఇబ్బంది పడేది మీరే, కాబట్టి "రెండు రోజులే కదా" అని ఒప్పుకోవద్దు.

గరాజ్‌లో, కంపెనీలో 18 నంబరు వీసా మీద పనిచేసేవారికి 2010 నాటి 6వ నంబరు చట్టం. భద్రతా ఏర్పాట్లు యజమాని బాధ్యత. పనిలో దెబ్బ తగిలితే యజమాని వెంటనే పోలీస్ స్టేషన్‌కీ లేబర్ శాఖకీ తెలపాలి. ఆయన తెలపకపోతే మీరు గానీ, మీ తరఫున ఇంకొకరు గానీ తెలపవచ్చు. "ఇంట్లో జారిపడ్డానని చెప్పు" అని ఎవరైనా అంటే వినొద్దు. ఆసుపత్రి మొదటి కాగితంలో ఏం రాస్తే పరిహారం దాని మీదే ఆధారపడుతుంది. చేయి నలిగినా, కంట్లో ఆయిల్ పడినా అది పనిలో జరిగిందనే చెప్పి, అలాగే రాయించుకోండి.

బండి రిపేరు ఖర్చు మీ జీతంలో కోస్తామంటే ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. అరబ్బీలో ఉన్నదైతే అసలే వద్దు, ముందు ఫొటో తీసి చదవగలిగిన వాళ్లకు చూపించండి. ఇంటి పనివారు మ్యాన్‌పవర్ అథారిటీలోని ఇంటి పనివారి విభాగంలో, కంపెనీవాళ్లు తమ లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేయవచ్చు. దైయాలోని భారత రాయబార కార్యాలయంలో కూడా కార్మికుల విభాగం ఉంది. వెళ్లేటప్పుడు బతాకా కాపీ, ఫాతూరా, వాట్సాప్ మెసేజ్‌ల ఫొటోలు తీసుకెళ్లండి. ఎడారిలో ఉండగా ప్రమాదమైతే 112కి ఫోన్ చేయండి. అడ్రసు చెప్పడానికి అక్కడ వీధి పేర్లుండవు కాబట్టి, క్యాంపుకి చేరిన రోజే ఆ చోటు లొకేషన్ మీ ఫోన్‌లో దాచుకుని, ఇంకొకరికి కూడా పంపి ఉంచండి.