ప్లగ్గు పట్టితే చాలునా? – ఒకే యాంప్లిఫయరుకు పెద్ద హెడ్‌ఫోను, చిన్న ఇయర్‌ఫోను

పోయిన వేసవి సెలవులలో మా అన్నయ్య కొడుకు చెన్నై నుంచి మైపాడు దగ్గరున్న మా ఇంటికి వచ్చాడు. వస్తూ వస్తూ బల్లమీద పెట్టుకొనే చిన్న యాంప్లిఫయరునూ, చెవులను పూర్తిగా కప్పివేసే పెద్ద హెడ్‌ఫోనునూ తెచ్చాడు. "బాబాయ్, ఇది పెట్టుకొని ఒక పాట వినండి" అన్నాడు. మన నెల్లూరువారైన బాలసుబ్రహ్మణ్యం గారి పాట పెట్టాడు. విన్నాను. ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది.

అంతలో మా బడిలో తొమ్మిదవ తరగతి చదివే కుర్రవాడొకడు వచ్చాడు. "సార్, నేనూ వింటాను" అని పెద్ద హెడ్‌ఫోను ప్లగ్గు ఊడదీసి, జేబులోంచి తన చిన్న ఇయర్‌ఫోను తీసి గుచ్చాడు. మరుక్షణం "అమ్మో!" అంటూ రెండు చేతులతో దానిని లాగి పారవేశాడు.

"ఏమైంది అబ్బయా?" అన్నాను కంగారుగా.

"చెవిలో గుయ్యిమంటోంది సార్" అన్నాడు.

ఆ మోత సాయంత్రానికిగాని తగ్గలేదు. తప్పు వాడిది కాదు, నాది. ముప్పయి ఏళ్ళుగా ఓమ్ నియమం చెబుతున్నవాణ్ణి, వాల్యూం తగ్గించాకనే గుచ్చమని ఆ ఒక్క మాట చెప్పలేకపోయాను. ఆ మాట వెనుక ఉన్న శాస్త్రాన్ని ఇప్పుడు మీ అందరికీ చెబుతాను.

రంధ్రం ఒకటే, అవసరం వేరు

పిల్లలూ! హెడ్‌ఫోను ప్లగ్గులు ముఖ్యంగా రెండు కొలతలలో వస్తాయి. 6.3 మిల్లీమీటర్ల లావుది పాతకాలపు టెలిఫోను ఎక్స్ఛేంజీల నుంచి వచ్చింది. 3.5 మిల్లీమీటర్ల సన్నది ట్రాన్సిస్టర్ రేడియోలతో పాటు ఇంటింటికీ చేరింది. ఒకదానిని మరొకదానిలో అమర్చే తొడుగులు బజారులో దొరుకుతాయి. కనుక ఏ ప్లగ్గయినా ఏ రంధ్రంలోనైనా పడుతుంది. అయితే పట్టినంతమాత్రాన జత కుదిరినట్లు కాదు.

పెద్ద హెడ్‌ఫోనులలో కొన్నింటి తీగచుట్టకు చాలా సన్నని తీగను అనేక చుట్లు చుడతారు. అందుచేత దాని అవరోధం ఎక్కువ. 300 ఓమ్‌లు ఉన్నవి కూడా ఉన్నాయి. చెవి రంధ్రంలో బిగుతుగా దూర్చుకొనే చిన్న ఇయర్‌ఫోనుల అవరోధం 16 ఓమ్‌లు, 32 ఓమ్‌లు ఇలా ఉంటుంది. వేదికమీద పాడే గాయకులు ఇటువంటివే వాడతారు. వాటిని ఇన్-ఇయర్ మానిటర్లు అంటారు. వాటికీ కర్ణభేరికీ మధ్య ఉండే గాలి ఒకటి రెండు ఘన సెంటీమీటర్లు మాత్రమే. అంత కొద్ది గాలిని కదిలించడానికి కొద్ది శక్తి చాలు.

పెన్నా కాలువను తలచుకోండి. కాలువలో నీటిమట్టం ఒకటే. దానికి ఒక సన్నని తూము, ఒక వెడల్పు తూము ఉన్నాయి. వెడల్పు తూములోంచే ఎక్కువ నీరు పారుతుంది కదా! యాంప్లిఫయరు ఇచ్చే వోల్టేజి నీటిమట్టం వంటిది. ఇక్కడ వింత ఏమిటంటే, ఆకారంలో పెద్దదైన హెడ్‌ఫోనే సన్నని తూము. ఆకారంలో చిన్నదైన ఇయర్‌ఫోను వెడల్పు తూము!

లెక్క వేసి చూద్దాం

ఒక మిల్లీవాట్ సామర్థ్యం ఇస్తే చిన్న ఇయర్‌ఫోను 110 డెసిబెల్స్, పెద్ద హెడ్‌ఫోను 100 డెసిబెల్స్ ధ్వని ఇస్తాయనుకుందాం. ధ్వని 10 డెసిబెల్స్ తగ్గాలంటే సామర్థ్యం పదోవంతు కావాలి. మనం 80 డెసిబెల్స్ వద్ద వినదలచాము. అప్పుడు చిన్నదానికి 0.001 మిల్లీవాట్, పెద్దదానికి 0.01 మిల్లీవాట్ చాలు.

సామర్థ్యం = వోల్టేజి × వోల్టేజి ÷ నిరోధం. ఈ సూత్రం ప్రకారం 16 ఓమ్‌ల చిన్నదానికి కావలసినది 4 మిల్లీవోల్టులు. 300 ఓమ్‌ల పెద్దదానికి సుమారు 55 మిల్లీవోల్టులు. అంటే దాదాపు 14 రెట్లు!

ఇప్పుడు ఆ కుర్రవాడు చేసినట్లే, వాల్యూం కదపకుండా చిన్నదానిని గుచ్చండి. 55 మిల్లీవోల్టులు 16 ఓమ్‌లమీద పడతాయి. సామర్థ్యం సుమారు 0.19 మిల్లీవాట్. కావలసినదానికి ఇది 190 రెట్లు. 100 రెట్లకు 20 డెసిబెల్స్, మరి ఇంచుమించు రెట్టింపుకు 3 డెసిబెల్స్. మొత్తం 23 పెరిగి ధ్వని 103 డెసిబెల్స్‌కు చేరుతుంది.

103 డెసిబెల్స్ చెవిని ఏం చేస్తుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి 2018లో ఒక ప్రమాణం వెలువరించాయి. దాని ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. పిల్లలకైతే హద్దు 75 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు వినదగిన కాలం సగం అవుతుంది. ఈ లెక్కన 103 డెసిబెల్స్ వద్ద పెద్దలకు వారం మొత్తానికి 12 నిమిషాలు. పిల్లలకు 4 నిమిషాల లోపే!

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారపు కర్ణావర్తం ఉంది. అందులో సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. ధ్వనిని నరాల సంకేతంగా మార్చేవి అవే. విపరీతమైన ధ్వనికి అవి చనిపోతే మనుషులలో మళ్ళీ పుట్టవు. మా తీరంలో బోటు ఇంజను పక్కన ఏళ్ళ తరబడి కూర్చున్న కొందరు పెద్దలతో అరచి మాట్లాడవలసి వస్తుంది. వారికి ఆ మోత బ్రతుకుతెరువుతో వచ్చింది. మనం పాటకోసం దానిని కొని తెచ్చుకోవడం దేనికి?

బుసబుస ఎందుకు?

పాట ఆపినా చిన్న ఇయర్‌ఫోనులో సరుగుడు తోపులో గాలి వీచినట్లు సన్నని బుస వినబడవచ్చు. పెద్దదానిలో అది వినబడదు. ప్రతి యాంప్లిఫయరులోనూ కొద్దిపాటి రొద పుడుతూనే ఉంటుంది. అది 20 మైక్రోవోల్టులనుకుందాం. పెద్దదానికి పాట 55 మిల్లీవోల్టులు. అంటే రొదకు 2,750 రెట్లు. చిన్నదానికి పాట 4 మిల్లీవోల్టులే కనుక రొదకు 200 రెట్లు మాత్రమే. అందుకే రొద బయటపడుతుంది.

పాట స్వరూపం మారడం

ఘటానికి అంతర్నిరోధం ఉన్నట్లే యాంప్లిఫయరుకూ లోపలి నిరోధం ఉంటుంది. మంచి వాటిలో ఇది ఒక ఓమ్ ఉండవచ్చు. కొన్ని పాత యంత్రాలలో వంద ఓమ్‌లు దాటుతుంది. కొన్ని చిన్న ఇయర్‌ఫోనులలో రెండు మూడు బుల్లి ధ్వని సాధనాలు ఇమిడి ఉంటాయి. వాటి అవరోధం పౌనఃపున్యాన్నిబట్టి మారుతుంది. ఒక స్వరం దగ్గర 16 ఓమ్‌లు, మరొక స్వరం దగ్గర 64 ఓమ్‌లు ఉన్నదనుకోండి. లోపలి నిరోధం 120 ఓమ్‌లయితే మొదటి స్వరానికి వోల్టేజిలో 12 శాతం, రెండవ స్వరానికి 35 శాతం అందుతాయి. ఒక స్వరం అణగి, మరొకటి పైకి లేచి, పాట స్వరూపమే మారిపోతుంది. లోపలి నిరోధం ఒక ఓమ్ అయితే అందేవి 94, 98 శాతాలు. తేడా దాదాపు తెలియదు. అందుచేత యాంప్లిఫయరు లోపలి నిరోధం ఇయర్‌ఫోను అవరోధంలో ఎనిమిదోవంతుకు మించరాదని ఒక వాడుక సూత్రం ఉంది.

సముద్రపుటొడ్డున ఉన్నవారికి మరొక మాట. ఉప్పుగాలికి ప్లగ్గు తుప్పుపట్టి, ఆ అతుకు దగ్గర రెండు ఓమ్‌ల నిరోధం ఏర్పడిందనుకోండి. 300 ఓమ్‌ల ముందు అది లెక్కలోనికి రాదు. 16 ఓమ్‌ల ముందు ఎనిమిదోవంతు! కుడి, ఎడమ చెవులకు ఉమ్మడిగా ఉన్న భాగమే తుప్పుపడితే ఒక చెవి పాట రెండవ చెవిలోనికి చొరబడుతుంది. కాబట్టి ప్లగ్గును అప్పుడప్పుడు పొడి గుడ్డతో తుడిచి, మూత ఉన్న డబ్బాలో దాచండి.

రెండు నిరోధాల ఉపాయం

చిన్న ఇయర్‌ఫోనుకోసం వేరే యాంప్లిఫయరు కొననక్కరలేదు. 22 ఓమ్‌ల నిరోధాలు రెండు, 2.2 ఓమ్‌ల నిరోధాలు రెండు తీసుకోండి. ఒక్కొక్క చెవికి ఒక్కొక్క జత. యాంప్లిఫయరు నుంచి వచ్చే తీగకు 22 ఓమ్‌ల నిరోధాన్ని శ్రేణిలో కలపండి. దాని రెండవ కొన నుంచి ఉమ్మడి తీగకు 2.2 ఓమ్‌ల నిరోధాన్ని కలపండి. ఈ 2.2 ఓమ్‌లకు సమాంతరంగా ఇయర్‌ఫోను ఉంటుంది.

2.2, 16 ఓమ్‌లు సమాంతరంగా ఉంటే ఫలిత నిరోధం 1.93 ఓమ్‌లు. కనుక ఇయర్‌ఫోనుకు చేరే వోల్టేజి సుమారు పన్నెండోవంతు. 55 మిల్లీవోల్టులు నాలుగున్నర అవుతాయి. మనకు కావలసినదీ ఇంచుమించు అంతే! రొద కూడా పన్నెండోవంతు అవుతుంది. ఇయర్‌ఫోనుకు కనిపించే లోపలి నిరోధం 2 ఓమ్‌లు, అంటే 16లో సరిగ్గా ఎనిమిదోవంతు. టంకం పెట్టేటప్పుడు మీ సైన్సు మాస్టారి సాయం తీసుకోండి.

మరచిపోకూడనివి

1. ప్లగ్గు మార్చేముందు వాల్యూం పూర్తిగా తగ్గించండి. తరువాత కొద్దికొద్దిగా పెంచండి.
2. యాంప్లిఫయరును వేసేటప్పుడు, ఆపేటప్పుడు ఇయర్‌ఫోను చెవిలో ఉంచుకోకండి. ఆ క్షణంలో "టప్" మని పెద్ద చప్పుడు రావచ్చు.
3. గెయిన్ మీట ఉంటే చిన్నదానికి తక్కువ వైపు ఉంచండి.
4. రెండు రంధ్రాలున్నాయి కదా అని రెండూ ఒకేసారి గుచ్చకండి. తరచుగా ఆ రంధ్రాలు సమాంతరంగా కలిపి ఉంటాయి. పెద్దదానికి చాలినంత పెంచితే చిన్నది పెట్టుకొన్నవారి చెవి బద్దలవుతుంది.
5. చెవిలో మోత పుడితే వెంటనే ఆపండి. మరునాటికీ తగ్గకపోతే వైద్యునికి చూపించండి.

మా కుర్రవాడు ఆ నిరోధాలను ఒక చిన్న అగ్గిపెట్టెలో అమర్చి, సైన్సు ప్రదర్శనకు తీసుకువెళ్ళాడు. పెట్టెమీద "ముందు తగ్గించు, తరువాత గుచ్చు" అని తన చేతిరాతతో రాశాడు. నేను చెప్పవలసిన మాట అది.

మీరే లెక్క కట్టండి

1. ఇయర్‌ఫోను అవరోధం 32 ఓమ్‌లు. ఒక మిల్లీవాట్‌కు 100 డెసిబెల్స్ ఇస్తుంది. 80 డెసిబెల్స్‌కు ఎంత వోల్టేజి కావాలి?
2. 16 ఓమ్‌లు, 300 ఓమ్‌లు సమాంతరంగా కలిపితే యాంప్లిఫయరుకు కనిపించే నిరోధం ఎంత?

జవాబులు: 1. సుమారు 18 మిల్లీవోల్టులు. 2. సుమారు 15.2 ఓమ్‌లు.