సిమ్యులేటర్‌లో ఆలస్యం ఎంతవరకు ఫర్వాలేదు?

జంషెడ్‌పూర్‌లో అగ్రికో వంటి కాలనీల వారికి సోనారీ విమానాశ్రయం నుంచి లేచే చిన్న విమానాలు కొత్త కాదు. శిక్షణకు వాడే సెస్నా 152 వంటి విమానంలో పైలట్ చేతిలోని కంట్రోల్‌ను రెక్క అంచున కదిలే పలకతో కలిపేది ఉక్కు తీగ. చెయ్యి కదిలితే పలక కదులుతుంది. అదే పైలట్ తర్వాత ఎయిర్‌బస్ ఏ320 నేర్చుకోవడానికి హైదరాబాద్‌లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ నెలకొల్పిన కేంద్ర శిక్షణ సంస్థ వంటి చోట సిమ్యులేటర్ ఎక్కితే, బయటి ప్రపంచమంతా కంప్యూటర్ సృష్టే. చెయ్యి కదిలిందని కంప్యూటర్ గ్రహించాలి, విమానం ఎటు తిరుగుతుందో లెక్కకట్టాలి, దృశ్యం గీయాలి, ప్రొజెక్టర్ దాన్ని చూపాలి. సెకనుకు 60 చిత్రాలు గీసే వ్యవస్థలో ఒక్కో చిత్రానికి దాదాపు 17 మిల్లీసెకన్లు పడతాయి. ఈ నాలుగు అంచెల్లో తలా ఒక చిత్రం కాలం పోయినా 67 మిల్లీసెకన్లు ఖర్చయినట్టే.

ఇంత చిన్న తేడాతో వచ్చే నష్టమేమిటి? రన్‌వే వైపు దిగుతూ పైలట్ రెండు సెకన్లకు ఒక పూర్తి ఊపు చొప్పున విమానాన్ని అటూ ఇటూ సరిదిద్దుతున్నారనుకుందాం. ఆ ఊపును 360 డిగ్రీలుగా తీసుకుంటే 100 మిల్లీసెకన్ల ఆలస్యం 18 డిగ్రీల వెనుకబాటు. 300 అయితే 54 డిగ్రీలు. విమానం తిరగడం తెరపై ఇంకా కనిపించదు కనుక పైలట్ మరికాస్త నొక్కుతారు. కనిపించేసరికి అది ఎక్కువైపోతుంది, వెంటనే అవతలికి లాగుతారు. గీజర్ కుళాయి తిప్పి, నీళ్లు వేడెక్కలేదని ఇంకా తిప్పి, చెయ్యి కాల్చుకున్నట్టే. అసలు చిక్కు మరొకటుంది: కొన్ని గంటల్లో పైలట్ ఈ ఆలస్యానికి అలవాటు పడిపోతారు. ఆ అలవాటు ప్రయాణికులున్న విమానంలోకీ వెళ్తుంది.

అందుకే నియమాలున్నాయి. అమెరికా ప్రమాణాల్లో ఏ, బీ స్థాయి సిమ్యులేటర్లకు 300 మిల్లీసెకన్ల వరకు అనుమతి. ఉన్నతమైన సీ, డీ స్థాయిలకు చాలాకాలం 150 ఉండేది. తర్వాతి ప్రమాణాలు కదలికకు, మీటర్లకు 100, దృశ్యానికి 120 అన్నాయి. ఇది విమానం సహజంగా తీసుకునే సమయానికి అదనంగా వచ్చే ఆలస్యం మాత్రమే. భారీ విమానం నెమ్మదిగానే తిరుగుతుంది, సిమ్యులేటర్‌లోనూ ఆ నెమ్మది ఉండి తీరాలి. కాబట్టి పరీక్షలో విమాన స్వభావాన్ని పక్కనపెట్టి కంట్రోల్ దగ్గర ఒక సంకేతం పంపుతారు. అది క్యాబిన్‌ను ఎప్పుడు కదిలించింది, తెరను ఎప్పుడు మార్చింది అని సెన్సర్లతో కొలుస్తారు.

కదలిక, దృశ్యం దాదాపు కలిసే రావాలి. కన్ను తిరిగామని చెప్పి లోపలి చెవి లేదంటే తల తిరుగుతుంది. ఆలస్యాన్ని దాచేందుకు కొన్ని వ్యవస్థలు విమానం కాసేపట్లో ఎక్కడుంటుందో ఊహించి ముందే గీస్తాయి. మెల్లగా తిరిగేటప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. కంట్రోల్‌ను చటుక్కున అటు నుంచి ఇటు తిప్పితే మాత్రం ఊహ గురి దాటిపోయి, దృశ్యం ఒక్కసారి ఉలిక్కిపడి వెనక్కి వస్తుంది.