పావు అంగుళం లెక్క

మన సొసైటీ కుట్టు కేంద్రంలో ఆడపిల్లలూ తల్లులూ కలిసి, దాతలు పంపిన గుడ్డ ముక్కలతో అతుకుల బొంతలు కుడుతున్న సంగతి మీకు తెలిసిందే. నిరుడు ఒక దుకాణదారు ఆరు బొంతలు తీసుకుని నాలుగు వెనక్కి పంపాడు. గుడ్డ మంచిదే, రంగులూ బాగున్నాయి. గళ్ళ మూలలు ఒకదానికొకటి కలవలేదు, వరసల మధ్య ముడతలు పడ్డాయి. ఆ నాలుగింటి కూలి ఇద్దరు తల్లులకు ఆ నెల అందలేదు. అందుకే ఈ సంచికకు మేము కుట్టు పాఠం రాద్దామని కూర్చున్నాం. తీరా చూస్తే ఇదీ లెక్కల పాఠమే అయింది.

"ఆపా, నేను తిన్నగానే కుట్టాను కదా, నా వరస ఎందుకు పొట్టిగా వచ్చింది?" అని ఒక అమ్మాయి అడిగింది. నిజమే, ఆమె కుట్టు తిన్నగానే ఉంది. అంచు నుంచి ఎంత లోపలికి వేసిందన్న దగ్గరే తేడా వచ్చింది. మేము నాలుగున్నర అంగుళాల చదరాలు కోస్తాం. నాలుగు పక్కలా పావు అంగుళం కుట్టులోకి పోతే నాలుగంగుళాల గడి మిగులుతుంది. 12 గళ్ళ వరస, చివరి అంచులతో కలిపి, 48న్నర అంగుళాలు రావాలి. ఆ అమ్మాయి ప్రతి కుట్టూ అంగుళంలో పదహారో వంతు ఎక్కువ లోపలికి వేసింది. కుట్టుకు రెండు ముక్కలు గనక ఒక్కో చోట ఎనిమిదో వంతు పోయింది. 12 గళ్ళకు కుట్లు 11. అంటే మొత్తం అంగుళం పావు దాటి పోయింది! పక్క వరస మరొకరు సరైన కొలతతో కుట్టారు. రెండూ కలపడానికి పొట్టిదాన్ని లాగారు. ముడతలు అక్కడ పుట్టినవే.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. అందరూ ఒకే తప్పు చేసి ఉంటే బొంత కాస్త చిన్నదయ్యేది గాని గళ్ళు కలిసేవి. ఒకరి కొలత ఒకలా, ఇంకొకరిది ఇంకోలా ఉండటమే కొంప ముంచింది.

ఇప్పుడు ప్రతి మిషనుకూ ఒక గుర్తు పెట్టాం. గ్రాఫు కాగితం అంచు నుంచి పావు అంగుళం గీత మీదికి సూదిని దించి, కాగితం అంచు ఎక్కడుందో చూసి, అక్కడ మందుల షాపు ప్లాస్టరు నాలుగైదు పొరలు అంటించాం. గుడ్డ అంచు ఆ గట్టును ఒరుసుకుంటూ పోవాలి. కుట్టేవారి కన్ను గట్టు మీద ఉండాలి, సూది మీద కాదు. ఈ ఒక్క అలవాటు మార్చడానికే మాకు వారం పట్టింది. గుడ్డను వెనక నుంచి లాగకూడదు కూడా. కింద ఉన్న పళ్ళే దాన్ని నడిపిస్తాయి, చేయి దారి చూపిస్తే చాలు. కొత్తవారి చేత ముందు దారం లేకుండా రూళ్ళ కాగితం మీద కుట్టిస్తాం. కాగితానికి సూది మొద్దుబారుతుంది, పాత సూదే వాడాలి.

గుర్తు సరిగా ఉందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. అంగుళంన్నర వెడల్పున్న మూడు పట్టీలు పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి, మధ్య పట్టీని కొలవాలి. సరిగ్గా అంగుళం రావాలి. తక్కువ వస్తే గట్టును సూదికి ఒక పోగంత దగ్గరగా జరపాలి. తరచూ తక్కువే వస్తుంది, ఎందుకంటే మడత దగ్గర గుడ్డ మందం కొంత మింగేస్తుంది.

కొత్త నూలు గుడ్డను తడిపి ఆరబెట్టాకే, పడుగు పేకల వెంబడి కోయాలి. ఏటవాలుగా కోసిన అంచు సాగుతుంది.

ఇక ఇస్త్రీ. పెట్టెను ఒత్తి ఎత్తాలి గాని అటూ ఇటూ లాగితే చదరం వంకరపోతుంది. ఒక వరసలో మడతలన్నీ కుడికి, తర్వాతి వరసలో ఎడమకు వాలిస్తే, వరసలు కలిపేటప్పుడు మూలల దగ్గర ఒకదాని పక్కన ఒకటి ఒదిగి కూర్చుంటాయి. వేళ్ళతో తడిమితేనే తెలిసిపోతుంది.

మిషన్లు ఇచ్చిన దాతలు చాలామందే ఉన్నారు. ఇస్త్రీ పెట్టె మాత్రం ఆరు మిషన్లకూ ఒక్కటే. వెనక్కి వచ్చిన నాలుగు బొంతల్లో రెండు విప్పి మళ్ళీ కుట్టారు, అమ్ముడుపోయాయి. మిగతా రెండూ ఇంకా విప్పుతున్నారు. కుట్టు విప్పే చిన్న పనిముట్టు కూడా మా దగ్గర ఒకటే ఉంది.