బొగోటాలో ఒంటరి ప్రయాణం: దారి చూపే కొండలు

ప్రశ్న: కొలంబియా రాజధాని బొగోటాను వీపుసంచితో ఒంటరిగా చూడదలచినవారు ఏయే విషయాలు తెలుసుకొని వెళ్లాలి?

జవాబు: ఆండీస్ పర్వతాల నడుమ, సముద్రమట్టానికి సుమారు 2,600 మీటర్ల ఎత్తున ఉన్న ఈ నగరంలో గాలి పలుచబడి, ప్రతి శ్వాసలో అందే ప్రాణవాయువు తగ్గుతుంది కనుక, మొదటి రోజు విశ్రాంతికి కేటాయించి, 3,152 మీటర్ల మోన్సెరాతె శిఖరాన్ని తరువాతి రోజులకు వాయిదా వేయడం మేలు.

ఒంటరి యాత్రికునికి ఇక్కడ అన్నిటికంటే ఉపయోగపడేది వీధుల అంకెల క్రమం. నగరానికి తూర్పున గోడలా నిలిచిన కొండల వరుసకు సమాంతరంగా, అంటే ఉత్తర దక్షిణాలుగా సాగే దారులను ‘కర్రేరా’ అని, వాటిని అడ్డంగా ఖండిస్తూ కొండల వైపు సాగేవాటిని ‘కాయె’ అని పిలుస్తారు. కర్రేరాల అంకెలు కొండల నుంచి పడమటికి, కాయెల అంకెలు నగర కేంద్రం నుంచి ఉత్తరానికి పెరుగుతాయి కాబట్టి, ఈ సూత్రం గ్రహించినవారు నడివీధిలో ఫోను బయటకు తీయకుండానే దిక్కు తెలుసుకోగలరు. ఫోన్ల దొంగతనం ఎక్కువగా జరిగే నగరంలో ఇది చిన్న ప్రయోజనం కాదు.

పాత పేట లా కాందెలారియాను, దాని చేరువలోని బంగారు మ్యూజియాన్ని పగటివేళ చూసి, చీకటి పడ్డాక సన్నని సందుల్లో నడవక, యాప్ ద్వారా పిలిచిన టాక్సీలో బసకు చేరాలి. అపరిచితులు ఇచ్చే పానీయాలను, వాటిలో మత్తుమందు కలిపే నేరాల దృష్ట్యా, తప్పక నిరాకరించాలి.

ప్రయాణంలో ఒక ఆదివారం ఉండేలా చూసుకోవాలి: 1970ల నుంచి కొనసాగుతున్న ‘సిక్లోవియా’ పద్ధతి ప్రకారం ఆ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 వరకు వంద కిలోమీటర్లకు పైగా ప్రధాన రహదారులను మోటారు వాహనాలకు మూసి, నడిచేవారికీ సైకిళ్లకూ అప్పగిస్తారు.